ఆవు గర్భసంచి వీర్యాన్ని చంపేస్తుందా? సూది వేసిన మర్నాడు కడిగించాలా?

మీరు అడిగింది ఇదీ: జెర్సీ సంకర ఆవు, రెండో ఈత, ఈని 5 నెలలైంది. 21 రోజులకోసారి తప్పకుండా ఎదకొస్తోంది, తీగ (ఎదలో కారే జిగురు) తేటగానే ఉంది, 4 సార్లు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా పొర్లుతూనే ఉంది, అంటే చూడి కట్టడం లేదు. "గర్భసంచి వీర్యాన్ని పరాయి వస్తువనుకుని చంపేస్తోంది, ఈసారి సూది వేయించిన మర్నాడే మందు పెట్టి కడిగించు" అని ఎవరో మీకు చెప్పారు. అది నిజమా, కడిగించాలా అన్నది మీ ప్రశ్న.

నేరుగా జవాబు: మొదటి మాటలో సగం నిజం ఉంది, రెండో మాట తప్పు. వీర్యం పడగానే గర్భసంచిలోకి రక్తంలోని తెల్లకణాలు వచ్చి వీర్యకణాలను తినేయడం నిజం. అయితే అది రోగం కాదు. చూడి కట్టే ప్రతి ఆవులోనూ అదే జరుగుతుంది. కావలసిన కణాలు ఈలోపే అండవాహిక దారి పడతాయి, మిగిలినవాటిని గర్భసంచి ఒక రోజులో తుడిచేసుకుంటుంది. అందుకని ప్రతి సూదికీ మర్నాడు మందు ఎక్కించడం అనవసరం. ఎద సరిగ్గా తిరుగుతూ నాలుగుసార్లు పొర్లిన ఆవులో ముందు చూడాల్సినవి మూడు: సూది ఏ వేళకు పడింది, వీర్యం ఎక్కడ వదిలారు, సూదికి ముందే లోపల పైకి కనబడని వాపు ఉందా.

ఇక లోపల జరిగేది కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే సూది వేళ ఎందుకంత ముఖ్యమో, కడగడం ఎందుకు పనికిరాదో మీకే అర్థమవుతుంది.

ఆంబోతు దాటినప్పుడు వీర్యం పడేది యోనిలో, గర్భసంచి ముఖద్వారం ముందర. ఒక్క దాటుకు వందల కోట్ల వీర్యకణాలు పడతాయి. ముఖద్వారంలో మూడు నాలుగు గట్టి కండర వలయాలు, వాటి మధ్య లోతైన మడతలు ఉంటాయి. ఎదలో ఉన్నప్పుడు ఆ మడతల అడుగున పలచటి జిగురు పారుతుంది. బాగా ఈదగల కణాలు ఆ సందుల్లోంచి ఎదురీది లోపలికి పోతాయి. చచ్చినవి, వంకర తోకలవి, వీర్యంలోని ద్రవం చాలావరకు బయటే ఆగిపోతాయి. అంటే మొదటి జల్లెడ అక్కడే ఉంది. ఎద సూదిలో మనం ఆ జల్లెడను దాటించి నేరుగా గర్భసంచి మొదట్లో వదులుతాం. అందుకే మన దగ్గర వాడే 0.25 మిల్లీలీటర్ల స్ట్రాలో (వీర్యం నింపిన సన్నటి గొట్టంలో) సుమారు 2 కోట్ల కణాలున్నా సరిపోతుంది. గడ్డకట్టించి కరిగించాక వాటిలో కదలిక ఉన్నవి కనీసం సగం ఉండాలన్నది ప్రమాణం.

ఈ 2 కోట్లలో అండవాహిక చేరేవి కొన్ని వేలు మాత్రమే. మిగతావి ఎటు పోతాయి? సగానికి పైగా వెనక్కే కారిపోతాయి: తీగతో పాటు ముఖద్వారం గుండా యోనిలోకి, అక్కడినుంచి బయటికి, 12 గంటల లోపు. మిగిలినవాటిని తెల్లకణాలు తింటాయి. ఈ తెల్లకణాలు ఎలా వస్తాయన్నది ఈ పదేళ్లలో బాగా తేలింది. జపాన్‌లోని ఒబిహిరో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు ఆవు గర్భసంచి పొర మీద చేసిన పనిలో, వీర్యకణాలు ఆ పొరలో ఉండే గ్రంథుల నోళ్లలోకి దూరడం, అక్కడి కణాల మీద ఉండే టీఎల్ఆర్-2 అనే గ్రాహకాన్ని తట్టడం కనబడింది. సూక్ష్మజీవుల జాడ పసిగట్టడానికి శరీరం పెట్టుకున్న గ్రాహకం అది. అది మేల్కొంటే గర్భసంచి పొర కొన్ని సంకేత రసాయనాలు వదులుతుంది, వాటిని పట్టుకుని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలోంచి గర్భసంచి లోపలికి దిగుతాయి. నిమిషాల్లో మొదలై, గంటల్లో పెరిగి, ఒక రోజులో చల్లబడే చిన్న వాపు ఇది.

దీనివల్ల ఆవుకు లాభమే. సూది వేసే గన్ (వీర్యం లోపల వదిలే పొడవాటి పరికరం) ఎంత శుభ్రంగా పెట్టినా దాంతో పాటు కొన్ని సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. చచ్చిన కణాలు, వీర్యంలో కలిపిన గుడ్డుసొన ద్రావణం లోపలే మిగులుతాయి. ఫలదీకరణ జరిగేది అండవాహికలో, పిండం గర్భసంచిలోకి దిగేది 4వ లేదా 5వ రోజున. అప్పటికి ఇల్లు ఊడ్చి అలికి ఉండాలి కదా, ఆ పని ఈ తెల్లకణాలదే.

మరి అండవాహికలో చేరిన కణాలను ఇవే తెల్లకణాలు ఎందుకు తినవు? అక్కడ స్పందన పూర్తిగా వేరు. అండవాహిక మొదటి ఇరుకు భాగంలో వీర్యకణాలు తల ఆనించి గోడకు అతుక్కుంటాయి. అక్కడి కణాలు వాపును పెంచే రసాయనాలకు బదులు దాన్ని అణిచేవాటిని వదులుతాయి. అదే వీర్యకణాలను గర్భసంచి తరుముతుంది, అండవాహిక దాచిపెట్టుకుంటుంది. గుడ్డు విడుదలయ్యే వేళకు అవి గోడను వదిలి కొన్ని కొన్నిగా పైకి పోతాయి. అంటే వీర్యకణానికి గర్భసంచి దాటిపోయే దారే తప్ప ఉండే చోటు కాదు. ఎంత త్వరగా దాటితే అంత మేలు.

దాటించేది కణం ఈత ఒక్కటే కాదు. ఎదలో గర్భసంచి బిగువుగా ఉండి అండవాహిక వైపు అలలుగా ముడుచుకుంటుంది. చెయ్యి పెట్టి చూస్తే ఆ బిగువు వేళ్లకు తెలుస్తుంది. సూది వేసిన కొన్ని నిమిషాలకే కొన్ని కణాలు అండవాహికలో కనబడతాయి గానీ అవి ఎక్కువగా దెబ్బతిన్నవే, వాటివల్ల చూడి కట్టదు. పనికొచ్చే కణాలు తగినన్ని పోగవడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. ఆవు బెదిరితే ఈ ముడుచుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే భయంలో విడుదలయ్యే అడ్రినలిన్, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పనికి అడ్డుపడుతుంది. సూదికి ముందు ఆవును కొట్టి, నలుగురు పట్టుకుని, తోక విరిచి నిలబెట్టడం అందుకే నష్టం. సూది అయ్యాక ఎండలో దూరం నడిపించకండి, నీడలో కట్టి నీళ్లు పెట్టండి. నడుం మీద చన్నీళ్లు కుమ్మరించడం వల్ల ఏమీ రాదు.

వేళ లెక్క

ఆవు ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. నిలబడి ఎక్కించుకోవడం మొదలైన వేళ నుంచి 24-32 గంటలకు గుడ్డు విడుదలవుతుంది. గుడ్డుకు ఆయువు 6-12 గంటలే. గడ్డకట్టించిన వీర్యం లోపల 24 గంటలకు మించి బాగా పనిచేస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

ఉదయం 6 గంటలకు ఎద మొదలైందనుకోండి. గుడ్డు మర్నాడు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 లోపు వస్తుంది. అదే రోజు సాయంత్రం 6కు సూది వేస్తే అర్ధరాత్రి దాటి తెల్లవారేసరికి కణాలు అండవాహికలో సిద్ధంగా ఉంటాయి. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున అనే పాత సూత్రం వెనక ఉన్న లెక్క ఇదే. ఉదయం చూసీ చూడగానే సూది వేస్తే, గుడ్డు ఆలస్యమైన ఆవులో కణాలు అప్పటికే ముసలివై ఉంటాయి. మర్నాడు మధ్యాహ్నం వేస్తే గుడ్డు ముసలిదవుతుంది. ముసలి గుడ్డు ఫలదీకరణ అయినా పిండం కొద్ది రోజుల్లో పోతుంది, ఆవు మళ్లీ 21 రోజులకే ఎదకొస్తుంది, మీకు పొర్లినట్టే కనబడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రాత్రి మొదలైన ఎదను మనం ఉదయం పాలు పిండేటప్పుడు చూసి, అప్పుడే మొదలైందనుకుంటాం. తీగ, అరుపు, మానం వాపు ఎదకు ముందూ ఉంటాయి, తర్వాతా ఉంటాయి. పక్క ఆవు ఎక్కితే కదలకుండా నిలబడటమే అసలు గుర్తు. ఒంటి ఆవును గుంజకు కట్టి పెంచే ఇంట్లో అది కనబడదు. అలాంటప్పుడు తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి 10 గంటలప్పుడు ఒక్కో పావుగంట నిలబడి చూడాల్సిందే. సూది వేశాక 24 గంటలకు కూడా ఎద తగ్గకపోతే గుడ్డు ఆలస్యమవుతోందని అర్థం. అప్పుడు రెండో సూది వేయించండి. ప్రతిసారీ ఇలాగే జరుగుతుంటే, సూదితో పాటే గుడ్డును విడుదల చేయించే హార్మోన్ మందు బ్యుసెరిలిన్ 10 మైక్రోగ్రాములు కండకు ఇచ్చే పద్ధతి ఉంది, మీ డాక్టరుగారిని అడగండి.

ఆడ దూడల కోసం ఇస్తున్న లింగ నిర్ధారిత వీర్యం స్ట్రాలో కణాలు చాలా తక్కువ, 20 నుంచి 40 లక్షలు. వేరు చేసే యంత్రంలో నలిగి వస్తాయి కాబట్టి వాటి ఆయువూ తక్కువే. వెనక్కి కారేవి, తెల్లకణాలు తినేవి పోగా మిగిలేది స్వల్పం. అందుకే ఆ సూదిని మామూలు వేళకంటే కొంచెం ఆలస్యంగా, ఎద మొదలైన 16-24 గంటల మధ్య వేయడం మంచిది. నాలుగుసార్లు పొర్లిన ఆవుకు ఆ వీర్యం వాడకండి. అది తొలిచూలు పడ్డలకు, ఒక్క సూదికే కట్టే ఆవులకు.

చోటు

ముఖద్వారం దాటగానే ఉండే గర్భసంచి నడుమ భాగం లోపలివైపు రెండు మూడు సెంటీమీటర్లే. అక్కడే వదలాలి. గన్ కొన మూడో వలయంలో ఉండగానే వదిలితే వీర్యం వెనక్కి కారడం బాగా పెరుగుతుంది. ఎక్కువ లోపలికి తోస్తే గర్భసంచి రెండు కొమ్ముల్లో ఒకదానిలోకే పోతుంది, పైగా కొన గీసుకుని రక్తం వస్తుంది. గీత పడ్డచోట వచ్చే వాపు నేను పైన చెప్పిన ఒక్కరోజు వాపు కాదు, అది లోపలే నిలిచిపోతుంది.

సూది వేసే గోపాలమిత్ర (ఊళ్లో ఎద సూదులు వేసే కార్యకర్త) గానీ డాక్టరు గానీ ఇవి చేస్తున్నారా అని మీరు పక్కనుండి చూడొచ్చు. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. చొక్కా జేబులోనో అరచేతిలోనో కరిగించకూడదు. బయటికి తీశాక పొడిగా తుడవాలి, ఎందుకంటే ఒక్క నీటి చుక్క లోపలికి పోయినా కణాలు ఉబ్బి చస్తాయి. దూది బిరడా ఉన్న వైపు గన్‌లోకి, మూసిన వైపు పైకి ఉంచి తిన్నగా కత్తిరించాలి. మానాన్ని కాగితంతోనో పొడి గుడ్డతోనో తుడవాలి. సబ్బు, డెట్టాల్ తడి ఉంటే వీర్యానికి విషమే. గన్‌ను మొదట పైకి వాలుగా పెట్టాలి, లేకపోతే కొన మూత్రద్వారంలోకి పోతుంది, ఆ మూత్రం కొనకు అంటి లోపలికి చేరుతుంది. పేడదారిలో ఉన్న చేతి చూపుడువేలు ముఖద్వారం చివర ఆనించి, గన్ కొన ఆ వేలికి తగిలిన చోట ఆపి, మెల్లగా ఐదు లెక్కపెడుతూ వదలాలి. గబుక్కున నొక్కితే సగం ఒకే కొమ్ములోకి పోతుంది. కరిగించిన స్ట్రా పావుగంట లోపు వాడాలి. మూడు ఇళ్లకు కలిపి ఒకేసారి మూడు స్ట్రాలు కరిగించి బయల్దేరితే మూడో ఇంటికి చేరేది నీరసించిన వీర్యమే.

సూదికి ముందే ఉన్న వాపు

మీ ఆవు విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. తీగ తేటగా ఉన్నంత మాత్రాన గర్భసంచి శుభ్రంగా ఉందని కాదు. ఈనినప్పుడు మాయ ఆలస్యంగా పడిందా? చెయ్యి పెట్టి లాగారా? దూడ అడ్డం తిరిగిందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా చీము కనబడని వాపు నెలల తరబడి ఉండిపోవచ్చు. అప్పుడు వీర్యం పడేసరికే తెల్లకణాలు లోపల కాచుకుని ఉంటాయి. మామూలు ఆవులో కణాలు ముందు పోతాయి, తెల్లకణాలు తర్వాత వస్తాయి. ఈ ఆవులో ఆ వరస తలకిందులవుతుంది. పైగా ఒక రోజులో చల్లబడాల్సిన వాపు 4వ రోజున పిండం దిగేదాకా సాగుతుంది. మీకు చెప్పిన మాటలో సగం నిజం ఉందన్నది ఇందుకే: గర్భసంచి వీర్యాన్ని అతిగా చంపే ఆవులు ఉన్నాయి, కానీ చికిత్స చేయాల్సింది అప్పటికే ఉన్న వాపుకు. వీర్యం వల్ల వచ్చే స్పందనకు కాదు.

దీన్ని పట్టుకోవడానికి పశువైద్యశాలలోనే అయ్యే చవకైన పరీక్ష ఉంది, వైట్‌సైడ్ పరీక్ష అంటారు. సూదికి ముందు తీసిన తీగ 1 మిల్లీలీటరు, 4-5 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 1 మిల్లీలీటరు ఒక గాజు గొట్టంలో కలిపి మరిగేదాకా వేడిచేసి చల్లార్చాలి. రంగు మారకపోతే మంచిది. లేత పసుపు వస్తే కొద్దిపాటి వాపు, ముదురు పసుపు వస్తే ఎక్కువ. ఆ పసుపు రావడానికి కారణం తీగలో ఉన్న తెల్లకణాలే. ఇంకా కచ్చితంగా కావాలంటే చిన్న బ్రష్‌తో లోపలి పొర నుంచి కణాలు తీసి మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. న్యూట్రోఫిల్స్ 5 శాతం దాటితే సాధారణంగా వాపు ఉన్నట్టే తీసుకుంటారు.

పసుపు వస్తే ఆ ఎదకు సూది వేయించకండి. రైతుకు ఒక్క ఎద వదలడం కష్టమని తెలుసు, కానీ ఆ సూది ఎలాగూ వృథా. ఆ ఎదలోనే డాక్టరుగారు తగిన మందు గర్భసంచిలో పెడతారు. లేదా 10వ రోజు తర్వాత అండకోశం మీద పచ్చకాయ (గుడ్డు విడుదలైన చోట ఏర్పడే పసుపు గడ్డ) ఉందని చూసుకుని, దాన్ని కరిగించే క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు ఇస్తారు. దాంతో రెండు నుంచి ఐదు రోజుల్లో మళ్లీ ఎదకొస్తుంది. ఎదలో గర్భసంచికి రోగాన్ని తట్టుకునే శక్తి ఎక్కువ: రక్తం బాగా పారుతుంది, ద్వారం తెరిచి ఉంటుంది, ముడుచుకుంటూ మురికిని బయటికి నెడుతుంది. ఆవును ఎదకు తేవడమే ఒక చికిత్స. ఘాటైన అయోడిన్ ద్రావణాలు పోయించకండి, లోపలి పొర కాలుతుంది.

దీనికి రెండో వైపు కూడా చూడండి. ఎద లేనప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, తెల్లకణాల జోరు తగ్గుతుంది, ద్వారం మూసుకుంటుంది. ఆ సమయంలో గన్ పెట్టి సూది వేస్తే వెంట పోయిన సూక్ష్మజీవులు అక్కడే స్థిరపడతాయి. ఎదలో లేని ఆవుకు "ఎందుకైనా మంచిది, వేసేయండి" అని వేయించిన సూదుల వల్ల గర్భసంచిలో చీము పట్టిన ఆవులు కనబడుతూనే ఉంటాయి.

మర్నాడు కడిగే అలవాటు ఎక్కడిదో కూడా చెబుతాను. గుర్రాల్లో వీర్యం నేరుగా గర్భసంచిలోనే పడుతుంది, కొన్ని ముసలి గుర్రాల్లో ఆ వాపు తగ్గదు, అక్కడ దాటించిన కొన్ని గంటలకు సెలైన్‌తో కడగడం మామూలే. ఆవుకు ఆ అవసరం అరుదు. 24 గంటలకు మందు పెట్టినా అండవాహికలో ఉన్న కణాలు చావవు, అంతవరకు నిజం. కానీ చల్లబడుతున్న పొరను మళ్లీ రేపినట్టవుతుంది, గన్ మరోసారి లోపలికి పోతుంది, ఆ మందు పాలలోకి కూడా వస్తుంది. పరీక్షలో వాపు తేలి, డాక్టరుగారు కావాలని చేస్తే అది వేరే సంగతి.

ఆంబోతును మార్చమని కూడా మీకు చెబుతారు. మార్చండి, తప్పులేదు. కొన్ని ఆంబోతుల వీర్యానికి గర్భధారణ శాతమే తక్కువ. కానీ ఊరి ఆంబోతుతో దాటించడం ఈ ఆవుకు మందు కాదు. ట్రైకోమోనాస్, క్యాంపైలోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు తెచ్చే రోగాలు దాటు ద్వారా పాకుతాయి, అవి సోకితే పొర్లడం ఇంకా పెరుగుతుంది.

సూది సరిగ్గా పడినా పిండం పోయే కారణాలు వేరే ఉన్నాయి. మన దగ్గర ఏప్రిల్, మే, జూన్ ఎండల్లో సూది తర్వాత మొదటి మూడు రోజులు పిండానికి గండం, ఆ రోజుల్లో నీడ, తడి గోనెలు, ఎప్పుడూ అందేలా నీళ్లు ఉండాలి. పాలు బాగా ఇస్తూ చిక్కిపోతున్న ఆవుకు దాణా పెంచి రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం పెట్టండి. ఎద తర్వాత రెండు మూడు రోజులకు తీగలో రక్తం కనబడితే కంగారుపడకండి, కట్టిందనీ కాదు, కట్టలేదనీ కాదు.

గేదెలకూ లోపలి లెక్క ఇంతే. కాకపోతే బయటికి గుర్తులు కనబడని మూగ ఎద ఎక్కువ, తీగ తక్కువ, ఎద తరచూ రాత్రిళ్లు వస్తుంది, కాబట్టి వేళ తప్పే అవకాశం ఇంకా ఎక్కువ.

మీ ఆవుకు వచ్చే ఎదలో చేయాల్సింది: నిలబడటం మొదలైన గంట రాసిపెట్టుకోండి. సూదికి ముందు తీగ పరీక్ష చేయించండి. రంగు రాకపోతే 12 గంటల లెక్కకు సూది, పైన చెప్పిన జాగ్రత్తలతో. రంగు వస్తే ఆ ఎద చికిత్సకు వదిలేయండి. సూది పడ్డాక 21 రోజులకు ఎద రాకపోతే 60 రోజులకు చెయ్యి పెట్టించి చూడి చూపించండి, స్కానింగ్ సౌకర్యం ఉంటే 30 రోజులకే తెలుస్తుంది. మధ్యలో ఎద లక్షణాలు కనబడినా, చూడి లేదని తేలకుండా సూది వేయించకండి. చూడి ఆవుల్లోనూ కొన్ని ఎద చూపిస్తాయి, వాటి తీగ పలచగా సాగకుండా చిక్కగా జిగటగా ఉంటుంది. అలాంటప్పుడు గన్ ముఖద్వారం దాటితే ఉన్న చూడి పోతుంది.